పుదుచ్చేరి రాష్ట్ర హోదా: ఒక్క ఎంపీతో సాధ్యమా?

లోక్‌సభలో పుదుచ్చేరికి ఉన్నది ఒకే ఒక్క స్థానం. యానాంలోని తెలుగు ఓటర్లు కూడా ఆ ఎంపీనే ఎన్నుకుంటారు. 2011లో ఎన్.రంగస్వామి స్థాపించిన ఏఐఎన్ఆర్ కాంగ్రెస్ ప్రధాన హామీ రాష్ట్ర హోదా. 2014లో ఆ పార్టీ అభ్యర్థి ఆర్.రాధాకృష్ణన్ ఎన్‌డీఏ తరఫున ఈ స్థానం గెలిచారు. హోదా మాత్రం రాలేదు.

ఈ డిమాండ్‌కు బలమైన కారణాలే ఉన్నాయి. 1963 చట్టం ప్రకారం మంత్రివర్గంతో లెఫ్టినెంట్ గవర్నర్ విభేదిస్తే విషయం రాష్ట్రపతికి, అంటే కేంద్రానికి వెళ్తుంది. 30 మంది ఎన్నికైన ఎమ్మెల్యేలకు తోడు మరో ముగ్గురిని కేంద్రమే నామినేట్ చేయవచ్చు. ఆ అధికారాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. రాష్ట్రాల మాదిరిగా ఆర్థిక సంఘం ద్వారా కేంద్ర పన్నుల్లో వాటా కూడా దక్కదు.

కొత్త రాష్ట్రానికి రాజ్యాంగంలోని 3వ అధికరణ కింద పార్లమెంటులో సాధారణ మెజారిటీ చాలు. కానీ రాష్ట్రపతి సిఫార్సు లేకుండా బిల్లు ప్రవేశపెట్టలేరు. అంటే తాళంచెవి కేంద్ర మంత్రివర్గం చేతిలో ఉంది.

పుదుచ్చేరి అసెంబ్లీ పలుమార్లు తీర్మానాలు చేసింది. రంగస్వామి 2021లో బీజేపీతో కలిసి అధికారంలోకి వచ్చారు. అయినా తాళం తెరుచుకోలేదు. మళ్లీ ఇదే హామీతో వచ్చే అభ్యర్థిని ఓటర్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఢిల్లీని ఒప్పించడానికి ఈసారి మీ దగ్గరున్న కొత్త మార్గం ఏమిటి?