కిడ్నీ కోసం మందు... పెత్తనం పేగుది!

కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా కాపాడే మందుల్లో ముఖ్యమైనది టాక్రోలిమస్. చిత్రమేమిటంటే, దాన్ని బయటికి పంపడంలో కిడ్నీకి దాదాపు పనే లేదు. పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉండే సీవైపీ3ఏ ఎంజైములే దాన్ని విరిచేస్తాయి. మింగిన దాంట్లో రక్తానికి చేరేది సగటున నాలుగో వంతు. మిగిలిన కథ పిత్తంతో, మలంతో ముగుస్తుంది. మూత్రంలో చెక్కుచెదరకుండా వచ్చేది ఒక శాతం కూడా ఉండదు.

ఈ మందు పుట్టిల్లు మట్టి. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి దీన్ని తయారుచేసింది.

ఈ మందు వాడేవాళ్ళకు పండగ ప్రసాదంతోనూ ఒక చిక్కుంది. కార్తీకంలో జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయి నదుల ఒడ్డున ఛఠ్ పూజ. చేటల్లో చెరుకు, కొబ్బరికాయ, అరటిపళ్ళ పక్కన పెద్ద నిమ్మజాతి పండ్లూ కనిపిస్తాయి. ప్రసాదం బిస్టుపూర్, కదమాల్లోని తెలుగు ఇళ్ళకూ వస్తుంది. అందులో పంపర పనస (హిందీవాళ్ళ చకోత్రా, బెంగాలీల బాతాబి లెబు) ఉంటే మాత్రం కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళు కళ్ళకద్దుకుని పక్కన పెట్టాలి. ఈ పండులోని ఫ్యూరానోకౌమరిన్లనే పదార్థాలు పేగులోని ఎంజైమును చంపేస్తాయి. కొత్తది తయారయ్యేదాకా ఆ ప్రభావం పోదు గనక, పండుకూ మాత్రకూ నాలుగు గంటలు ఎడం ఇచ్చినా లాభం లేదు. మోతాదు పెంచకుండానే రక్తంలో మందు పెరుగుతుంది. చేతులు వణుకుతాయి, షుగర్ ఎక్కుతుంది, చివరికి ఆ కిడ్నీకే దెబ్బ. అచ్చంగా ఇలాంటి రోగి గురించే జపాన్ వైద్యులు 2003లో రాశారు.

విరేచనాలైతే ఏ మందైనా కొట్టుకుపోతుందనుకుంటాం. టాక్రోలిమస్ మాత్రం రక్తంలో పెరుగుతుంది! పేగులో ఎంజైములు దెబ్బతినడమే కారణం.

టీబీ మందు రిఫాంపిసిన్‌ది ఎదురుదారి. ఎంజైములను రెచ్చగొట్టి టాక్రోలిమస్‌ను అడుగంటిస్తుంది. టీబీ ఎక్కువున్న మన దేశంలో ఇది చిన్న చిక్కు కాదు. మరోపక్క, ఎంజైమును నెమ్మదింపజేసే బీపీ మాత్ర డిల్టియాజెమ్‌ను కావాలనే జతచేసి, ఖరీదైన టాక్రోలిమస్ మోతాదు తగ్గించే తెలివైన పద్ధతీ ఉంది.

పక్కమంచం రోగి మోతాదుతో పోల్చుకోకండి. ఆ ఎంజైముల్లో ఒకదాన్ని తయారుచేసే సీవైపీ3ఏ5 జన్యువు చురుగ్గా ఉన్నవాళ్ళకు ఒకటిన్నర నుంచి రెండింతల మందు కావాలి.

దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో జరిగింది. వైద్యం కోసం వెళ్ళే జంషెడ్‌పూర్ రోగులకు ఆ ఊరు కొత్తేమీ కాదు. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో ఎక్కడ పరీక్ష చేయించుకున్నా ఒకటే నియమం: రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర మింగకముందే రక్తం ఇవ్వాలి. ముందే మింగేస్తే ఆ రిపోర్టు దండగ.