బొమ్మ హాల్లో టికెట్టు చింపేదెవరు?

సినిమా హాలు గేటు దగ్గర టికెట్టు చింపే మనిషి గురించి మీరెప్పుడైనా ఆలోచించారా? హీరోని తల్చుకుంటాం, హీరోయిన్ని కలగంటాం, విలన్ని తిట్టుకుంటాం. గేటు మనిషిని మాత్రం తలుపులో భాగం కింద జమకట్టేస్తాం! నేనూ అంతే. మా నాన్నగారు ఇరవై ఏళ్లు కృష్ణా జిల్లాలో ఆ పనే చేసినా సరే, ఆ పనిలో ఉన్న కిటుకు నాకు తెలిసింది మొన్న సంక్రాంతి సెలవుల్లో. అదీ ఒక కంప్యూటర్ ఆట పుణ్యమా అని!

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ అనే ఆయన తయారుచేసి 2009లో జనం ముందుకు తెచ్చాడు. 2014లో మైక్రోసాఫ్ట్ వారు ఆ సంస్థని 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2023 నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయట! 2025లో జాక్ బ్లాక్, జేసన్ మొమోవా నటించగా హాలీవుడ్‌లో సినిమా కూడా వచ్చింది. ఇందులో కథ లేదు, క్లైమాక్స్ లేదు. ఇటుకల్లాంటి దిమ్మెలతో ఎవరికి తోచింది వాళ్లు కట్టుకోవడమే.

మా మేనల్లుడు బుజ్జి, పదమూడేళ్లవాడు, అందులో ఏం కట్టాడనుకున్నారు? సినిమా హాలు! నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ... అన్నీ తాతయ్యని అడిగి మరీ కట్టాడు.

ఫ్లోరు మీద ఎవరున్నారు?

హాలుకి గేటు ఉండాలి కదా! కాగితానికి ‘మ్యాట్నీ’ అని పేరు పెట్టి టికెట్టు చేశాడు. దాన్ని గేటు ముందు విసిరితే తలుపు దానంతటదే తెరుచుకోవాలి. ఆదివారం సాయంత్రం ముగ్గురు స్నేహితులు వస్తున్నారు, ప్రారంభోత్సవానికి. శనివారం రాత్రి దాకా తలుపు కదల్లేదు!

ఇక్కడ పాఠకులకి కాస్త వివరం చెప్పాలి. ఈ ఆటకి ఆజ్ఞలివ్వొచ్చు. కమాండ్లంటారు. డైరెక్టరు మైకులో ఆర్టిస్టుల్ని పిలిచినట్టే. ఎట్ గుర్తు పక్కన పి రాస్తే దగ్గర్లో ఉన్న ఆటగాడు, ఎ రాస్తే ఆటగాళ్లందరూ, ఆర్ రాస్తే వాళ్లలో ఎవరో ఒకరు. ఇ రాశారో... ఆటగాళ్లు, ఆవులు, కుక్కలు, నేల మీద పడున్న వస్తువులు, గోడకి తగిలించిన పటాలు, చుట్టుపక్కల ఉన్న సమస్తం పలుకుతుంది! అందుకే ఆ ఇ పక్కన బ్రాకెట్లో షరతులు రాయాలి. ‘టైప్ ఐటమ్’ అంటే కింద పడున్న వస్తువులు మాత్రమే. ‘డిస్టెన్స్’ అంటే ఇంత దూరంలోపువి. ‘ఎన్‌బిటి’ అంటే ఫలానా వస్తువు, ఫలానా పేరుగలది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పెట్టెలో ఉన్న టికెట్టు, చేతిలో ఉన్న టికెట్టు ఈ పిలుపుకి పలకవు. మేకప్ రూములో ఉన్న ఆర్టిస్టుకి ఫ్లోరు మీద పిలుపు వినబడదుగా! నేల మీద పడితేనే లెక్క. అదీ ఐదు నిమిషాలే, ఎవరూ తీసుకోకపోతే మాయమైపోతుంది.

కుక్కపిల్ల కథ

నెల క్రితం బుజ్జి హాల్లో పోగుబడ్డ చెత్త ఊడ్చేద్దామని ‘కిల్’ కమాండు కొట్టాడు. ఇ రాశాడు, బ్రాకెట్టు మర్చిపోయాడు. అంతే! చెత్తతోపాటు ప్రేక్షకులుగా నిలబెట్టిన బొమ్మలు, పోస్టర్లుగా తగిలించిన పటాలు, ఏడాదిగా పెంచుకుంటున్న కుక్కపిల్ల, చివరికి తనూ... అందరూ ఒక్క దెబ్బకి సఫా! తను మళ్లీ పుట్టాడు. కుక్క పుట్టలేదు. రెండ్రోజులు అన్నం సరిగా తినలేదని మా అక్కయ్య ఫోన్లో చెప్పింది. అప్పట్నుంచీ కిల్ అన్న మాట రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడున్నది రెండో కుక్క. గేటు పక్కనే కూర్చోబెట్టాడు.

తప్పని చెప్పదు, లేరంటుంది!

“మామయ్యా, ఎక్కడా ఎర్రగా రావట్లేదు. తప్పు లేదు. మరెందుకు తెరుచుకోదు?” అన్నాడు దీనంగా.

అక్కడే ఉంది తిరకాసు. షరతు తప్పుగా రాస్తే ఈ ఆట చాలాసార్లు తప్పని చెప్పదు. ‘ఎవరూ దొరకలేదు’ అంటుంది, అంతే. కనక వెతుకులాట వెడల్పు నుంచి ఇరుకుకి రావాలి. ముందు ‘ఎగ్జిక్యూట్ ఇఫ్ ఎంటిటీ’ అని ఉత్త టైప్ ఐటమ్‌తో అడిగించాను. దాని పని లెక్క చెప్పడమే, ఎవర్నీ ఏమీ చెయ్యదు. ఒకటి ఉందంది. దూరం కలిపాం, ఉందంది. కాగితం, పేరు కలిపాం... లేదంది! దొంగ దొరికాడు.

తర్వాత టికెట్టు నేల మీద ఉండగానే ‘డేటా గెట్’ అని అడిగితే ఆట తన కళ్లకి అది ఎలా కనబడుతోందో అక్షరం పొల్లుపోకుండా రాసి చూపించింది. బుజ్జి రాసింది పాత పద్ధతి! 2024 ఏప్రిల్‌లో వచ్చిన 1.20.5 వెర్షన్‌లో ఈ రాతంతా మార్చేశారు. ‘ట్యాగ్’ కింద ఉండే పేరు ‘కాంపొనెంట్స్’ కిందికి వెళ్లింది. ‘కౌంట్’లో మొదటి అక్షరం పెద్దది కాస్తా చిన్నదయింది. అంకె పక్కన ఉండే బి పోయింది. కాగితం పేరు ముందు ‘మైన్‌క్రాఫ్ట్’ అని కూడా పూర్తిగా ఉండాల్సిందే. ఆట చూపించింది చూపించినట్టు దింపాం. తలుపు తెరుచుకుంది! (ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ రకంలో ఎన్‌బిటి షరతే లేదు. దూరానికి కూడా ఆర్ అని రాయాలి. ఒకచోటి మంత్రం ఇంకోచోట పారదు!)

నాన్నగారి తీర్పు

ఆదివారం వచ్చింది. మొదటి కుర్రాడు టికెట్టు విసిరాడు, తలుపు తెరుచుకుంది, లోపలికెళ్లాడు. రెండోవాడు విసిరాడు... తెరిచున్న తలుపు ఠపీమని మూసుకుంది! పిల్లలు గొల్లుమన్నారు. బుజ్జి మొహం చూడలేకపోయాను.

వెనక పడక్కుర్చీలోంచి నాన్నగారు అడిగారు: “మొదటివాడి టికెట్టు చింపావట్రా?”

“లేదు తాతయ్యా, అక్కడే ఉంది.”

“చింపకపోతే ఎలా? గేట్లో పాత టికెట్టుండగా కొత్త టికెట్టు తీసుకోకూడదు. ఎవడిదేదో ఎలా తెలుస్తుంది?”

నాకు చప్పున తట్టింది. ఒకేరకం వస్తువులు నేల మీద దగ్గరగా పడితే ఈ ఆటలో కలిసి ఒకే కట్ట అయిపోతాయి. మొదటి టికెట్టు, రెండోది కలిసి కౌంట్ రెండయింది. మన షరతేమో ఒకటి ఉండాలని! వాడు కిల్‌కి భయపడి టికెట్టు చింపలేదు. ఆ భయమే తలుపు మూసింది.

చెయ్యాల్సింది ఒకటే. తలుపు తెరిచే కమాండు వెనకే అదే షరతులతో కిల్ పెట్టాలి. బుజ్జి కుక్క వంక చూశాడు, నా వంక చూశాడు.

“ముందు లెక్క అడుగు” అన్నాను.

ఇఫ్ ఎంటిటీ అని అడిగాడు. ఒకటే ఉందంది. కుక్క లేదు, మనుషుల్లేరు, ఒక్క టికెట్టు. అదే వరసని అక్షరం మార్చకుండా కిల్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని నొక్కాడు.

టికెట్టు పోయింది. కుక్క కూర్చున్నచోటే ఉంది.

తర్వాత ఒక్కొక్కరే టికెట్టు విసిరారు, ఒక్కొక్కరే లోపలికెళ్లారు. “హౌస్ ఫుల్ బోర్డు పెట్టరా!” అన్నారు నాన్నగారు, చాలా ఏళ్ల తర్వాత ఆ గొంతుతో.

అంతటితో శుభం అనుకుని నేను లేస్తుంటే ఆయనే మళ్లీ అడిగారు: “ఇంతకీ ఇంటర్వెల్లో సోడా తాగడానికి బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికెలా వస్తాడ్రా? సగం ముక్క వాడికివ్వలేదుగా?”

బుజ్జి నా వంక చూశాడు. నేను మళ్లీ కూర్చున్నాను!