తుంటికీలు - పునఃశస్త్రచికిత్స

అరిగిన తుంటికీలుకు బదులుగా అమర్చిన కృత్రిమకీలుకు సూక్ష్మజీవులు సోకితే, దానిని తొలగించి వేరొకటి అమర్చవలసి రావచ్చు. ఇందుకు రెండు మార్గాలున్నాయి. పాతదానిని తీసి, ఆ భాగాన్ని శుభ్రపరచి, అదే శస్త్రచికిత్సలో కొత్తది అమర్చడం మొదటిది. పాతదానిని తీసివేసి, ఔషధాలతో వ్యాధిని అణచి, కొన్ని వారాలకో నెలలకో మరల కోత కోసి కొత్తది అమర్చడం రెండవది. ఆ నడిమికాలంలో రోగి పడే యాతన ఇంతా అంతా కాదు. అయినప్పటికీ రెండవదే క్షేమకరమని చాలామంది శస్త్రవైద్యులు భావించేవారు.

బ్రిటన్, స్వీడన్ దేశాలలో 140 మంది రోగులను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి పరిశీలించారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. 18 నెలలనాటికి నొప్పి, నడక విషయాలలో ఇరువర్గాలవారూ దాదాపు సమానంగానే ఉన్నారు. అయితే 3 నెలలనాటికే మెరుగుపడినవారు మొదటి వర్గంవారు. శస్త్రచికిత్స జరుగుతుండగా చిక్కులు ఎదురైనవారు ఆ వర్గంలో 8 శాతం కాగా, రెండవ వర్గంలో 27 శాతం.