ఇద్దరు త్రొక్కే సైకిలు

ఒక సైకిలు మీద ఇద్దరు పోవడం శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ వింత కాదు. దానిని మనవారు "డబుల్స్" అంటారు. ఒకడు త్రొక్కుతాడు, రెండవవాడు వెనుక క్యారియరు మీదనో, ముందు కడ్డీ మీదనో కూర్చుంటాడు. కూర్చున్నవాడు ఎంతటి బలశాలియైనా సైకిలుకు అతడు బరువే. ఆ రెండవవాని కాళ్ళకు కూడా పని కల్పించే సైకిలు ఒకటి ఉన్నది. దాని పేరు టాండెం.

ఇది 19వ శతాబ్దం చివర రూపు దిద్దుకొన్నది. 1886లో డాన్ ఆల్బోన్ అనే ఇంగ్లీషు సైకిళ్ళ నిర్మాత ఒక టాండెం తయారుచేశాడు. 1972 వరకు ఒలింపిక్ పందేలలో కూడా దీనికి చోటుండేది. ఇందులో ఒకదాని వెనుక ఒకటిగా రెండు సీట్లు, రెండు హేండిళ్ళు, రెండు జతల పెడళ్ళు ఉంటాయి. చక్రాలు మాత్రం రెండే. ముందరి హేండిలే తిరుగుతుంది, వెనుకది చేతులు ఆనించుకోవడానికే. సాధారణంగా ఎడమ వైపు గొలుసు ఇద్దరి పెడళ్ళను కలుపుతుంది, కుడి వైపు గొలుసు వెనుక చక్రాన్ని త్రిప్పుతుంది. కనుక ఒకడు ఆగితే రెండవవాడూ ఆగవలసిందే. ముందువానిని కెప్టెను అని, వెనుకవానిని స్టోకరు అని పిలుస్తారు. స్టోకరు అంటే బాయిలరులో బొగ్గు వేసేవాడు. ఆవిరి ఇంజన్ల కాలం ఎరిగిన పలాస పెద్దలకు ఈ పేరులోని చమత్కారం చప్పున అందుతుంది.

ఇద్దరు త్రొక్కితే శ్రమ సగమవుతుందా? కాదు. ఎంత తగ్గుతుందో తెలియాలంటే సైకిలును ఆపజూసే బలాలను విడదీసి చూడాలి. చదునైన దారి మీద అవి ముఖ్యంగా రెండు. మొదటిది టైరుకూ నేలకూ మధ్య దొర్లుడు ఘర్షణ; బరువు పెరిగితే ఇది పెరుగుతుంది. రెండవది వాయునిరోధం. దీనికి బరువుతో పని లేదు. గాలికి ఎదురయ్యే వైశాల్యమూ, గాలితో పోల్చిన వేగమూ దీనికి ప్రధానం. ఆ వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. టాండెంలో వెనుకవాడు ముందువాని చాటున ఉంటాడు కాబట్టి, గాలి దెబ్బ ఒక్కడు పోయినప్పటికంటె కొద్దిగా మాత్రమే హెచ్చుతుంది.

పలాస నుండి టెక్కలికి పోయే దారి ఇంచుమించు నైరృతి దిక్కుగా సాగుతుంది. వానకాలపు ఋతుపవనం వచ్చేదీ ఆ దిక్కు నుండే. అంటే ఆ నెలలలో టెక్కలి వైపు త్రొక్కేవానికి తరచు ఎదురుగాలే. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో, గంటకు 15 కిలోమీటర్ల చొప్పున పోతున్నారనుకొందాం. ఒక్కొక్కరి బరువు 55 కిలోలు, మామూలు సైకిలు 20 కిలోలు, టాండెం 30 కిలోలు. తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.008. ఒంటరివాడు గాలికి 17, ఘర్షణకు 6, మొత్తం 23 న్యూటన్ల బలాన్ని ఎదుర్కోవాలి. సెకనుకు 4.2 మీటర్ల వేగంలో దీనికి సుమారు 97 వాట్ల సామర్థ్యం కావాలి. వెనుక స్నేహితుణ్ణి ఎక్కించుకొంటే 29 న్యూటన్లు, 122 వాట్లు; అంతా ఒక్కని కాళ్ళదే. టాండెం మీద 32 న్యూటన్లు, 134 వాట్లు. తలకు 67 మాత్రమే. గాలి అంకెలు అంచనావే గాని, మూడింటి తారతమ్యం చూడడానికి చాలు.

ఇక ఉద్దానంలోకి దిగుదాం. వజ్రపుకొత్తూరు, కవిటి వైపు కొబ్బరి, జీడి తోటల నడుమ ఇసుక దారులున్నాయి. ఇసుకలో చక్రం దిగబడి, తన ముందు తానే ఒక చిన్న గట్టు పోసుకొని, దానిని ఎప్పటికప్పుడు ఎక్కుతూ ఉంటుంది. ఘర్షణ గుణకం తారుమీదికంటె పదిరెట్లు దాటవచ్చు. వేగం పడిపోతుంది గనుక గాలి మాట ఎత్తనక్కరలేదు, మిగిలేది బరువొక్కటే. టాండెంలో ఇద్దరి బరువూ రెండే చక్రాల మీద పడి, అవి ఇంకా లోతుకు దిగుతాయి. ఇక్కడ ఎవరి సైకిలు వారు తీసుకొని పోవడమే మేలు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా టాండెం వల్ల ప్రత్యేక లాభమేమీ లేదు. పల్లంలో బ్రేకులు మరీ గట్టిగా ఉండాలి.

అయితే టాండెం విలువ వాట్లతోనే తేలేది కాదు. దారి చూడవలసినవాడు ముందువాడొక్కడే గదా! చూపు లేనివాడు వెనుక కూర్చొని తన పూర్తి బలంతో త్రొక్కవచ్చు. పారాలింపిక్ పోటీలలో చూపు లేనివారి సైకిలు పందేలు ఈ పద్ధతిలోనే జరుగుతాయి. 2016లో చూపు లేని దివ్యాంశు గణాత్రా టాండెం మీద మనాలీ నుండి హిమాలయాలలోని ఖార్దుంగ్ లా కనుమ దాకా వెళ్ళారు. తోటివాని క్యారియరు మీద బరువుగా కూర్చొని బడికి వచ్చే విద్యార్థికి ఇది చిన్న మార్పేమీ కాదు. "గుంత", "మలుపు", "బ్రేకు" అని ముందువాడు ముందుగానే చెబుతూ ఉండాలి. వెనుకవాడు ఆ మాటను నమ్మాలి.

ఈ లెక్కలో ఒక భాగాన్ని బడిలోనే సరిచూడవచ్చు. గాలిలేని ఉదయం చదునైన తారు మీద ఒక విద్యార్థిని సైకిలెక్కించి, త్రొక్కనీయకుండా, ముందు భాగానికి స్ప్రింగు త్రాసు కట్టి, నెమ్మదిగా ఒకే వేగంతో లాగండి. పడకుండా ఇరువైపులా ఇద్దరు తేలికగా పట్టుకొంటే చాలు. ముల్లు 600 గ్రాముల దరిదాపుల్లో ఆడుతుంది. ఇసుకలో ఆ త్రాసు చాలదు. పది పదిహేను కిలోలు తూచేది కావాలి. తరువాత క్యారియరు మీద రెండవవానిని కూర్చోబెట్టి మళ్ళీ లాగండి. ముల్లు బరువు పెరిగిన పాళ్ళలోనే జరిగిందో, అంతకు మించిందో, తారుకూ ఇసుకకూ విడివిడిగా వ్రాసుకోండి.