మాటిమాటికీ జారే భుజం: కట్టు ఎంతవరకు? శస్త్రచికిత్స ఎప్పుడు?

శరీరంలోని కీళ్ళన్నింటిలో భుజసంధికి ఉన్నంత చలనస్వేచ్ఛ మరే కీలుకూ లేదు. అయితే ఆ స్వేచ్ఛకు తగినంత స్థిరత్వం దానికి లేదు. తుంటి కీలులో ఎముక తల లోతైన గిన్నెలో కుదురుకొని ఉంటుంది. భుజంలో మాత్రం అది ప్రమిదపై నిలిపిన బత్తాయిపండు వలె ఉంటుంది. ఆ ప్రమిద అంచు చుట్టూ ఉన్న మృదులాస్థి పట్టీ, దానిని అంటిపెట్టుకున్న సంధిబంధనాలు, వాటిపై కండరాలు కలిసి ఆ తలను జారిపోకుండా కాపాడుతాయి.

ఒకసారి జారిన భుజం మళ్ళీ మళ్ళీ జారుతున్నదనీ, ఏ తైలం రాసుకోవాలో చెప్పమనీ నన్ను పలువురు అడుగుతుంటారు. ఆయుర్వేద వైద్యుడిగా వారికి నేను చెప్పే సమాధానమే ఈ వ్యాసం.

సుశ్రుతుడు చెప్పిన చికిత్స

కీలు తప్పడాన్ని సుశ్రుత సంహిత 'సంధిముక్తం' అన్నది. నిదానస్థానంలో దానిని ఆరు విధాలుగా విభజించింది. చికిత్సాస్థానం మూడవ అధ్యాయంలో అంససంధి, అంటే భుజం కీలు తప్పినప్పుడు, చంకను రోకలితో పైకెత్తి ఎముకను స్వస్థానానికి చేర్చి, స్వస్తిక బంధం కట్టమని విధించింది. సంధి స్థిరపడటానికి చిన్న వయసులో ఒక నెల, నడివయసులో రెండు నెలలు, వార్ధక్యంలో మూడు నెలలు పడుతుందని కూడా చెప్పింది. మన పల్లెల్లో కట్టు కట్టేవారి విద్యకూ, తెలుగునాట పేరుపొందిన పుత్తూరు కట్టుకూ వెనుక ఉన్నది ఇటువంటి దీర్ఘకాలపు అనుభవమే.

ఇంతవరకు సందేహం లేదు. అయితే తప్పిన ఎముకను చోటికి చేర్చడం వేరు, అది మళ్ళీ తప్పకుండా చేయడం వేరు.

మళ్ళీ మళ్ళీ ఎందుకు జారుతుంది?

నూటికి తొంభై అయిదు వంతులు భుజం ముందువైపుకే జారుతుంది. చేయి పైకెత్తి వెనుకకు తిప్పినప్పుడు బలమైన తాకిడి తగిలితే ఎముక తల ముందుకు దూకుతుంది. ఆ దూకుడులో అంచుపట్టీ ఎముక నుండి ఊడిపోతుంది. లండన్‌కు చెందిన శస్త్రవైద్యుడు బ్యాంకార్ట్ 1923లో ఈ గాయాన్నే పదేపదే భుజం జారడానికి మూలకారణంగా చూపాడు. ఎముక తల వెనుకభాగంలో పడే నొక్కును 1940లో హిల్, శాక్స్ అనే వైద్యులు వివరించారు. జారిన ప్రతిసారీ ప్రమిద అంచు కొంత అరుగుతుంది, నొక్కు మరికొంత లోతవుతుంది. అందువల్ల మొదట పెద్ద దెబ్బకు జారిన భుజం తరువాత చిన్న కదలికకే జారుతుంది.

యువకులలో ఎముకలు త్వరగా అతుకుతాయి. కాని భుజం మళ్ళీ జారే ప్రమాదం ఇరవై ఏళ్ళ లోపువారిలోనే అత్యధికం. కట్టు విప్పగానే వారు ఆటకో, బరువు పనికో తిరిగి వెళ్ళడం అందుకొక కారణం.

వీర్నపల్లి వైపు నుండి వచ్చిన ఒక గీత కార్మికుడి బాధ ఇదే. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. రెండేళ్ళలో కుడి భుజం నాలుగు సార్లు జారింది. ప్రతిసారీ కట్టు కట్టించుకున్నాడు. "నిద్రల ఒరిగినా జారుతున్నది సారూ, చెట్టు మీద జారితే నా పిల్లల గతేంది?" అని అడిగాడు. తాటిచెట్టు మీద మోకు పట్టుకున్న చేయి ఒక్క క్షణం వశం తప్పితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఊడిన అంచును తైలం అతికించలేదని స్పష్టంగా చెప్పి, ఎముకల శస్త్రవైద్యుని వద్దకు పంపాను. ఆపరేషన్ కంటే ఆరు నెలలు చెట్టెక్కకుండా ఉండటమే ఆ కుటుంబానికి పెద్ద సమస్య అయింది. అన్నదమ్ములు అతని చెట్లు గీయడానికి ఒప్పుకున్నాకే అతడు ఆపరేషన్‌కు వెళ్ళాడు.

శస్త్రచికిత్స ఎవరికి? ఎలా?

రెండు మూడు సార్లు భుజం జారినవారు, జారుతుందేమోనన్న భయంతో చేయి ఎత్తలేనివారు, ఎత్తుపై పని చేసేవారు, కబడ్డీ వంటి ఆటలు ఆడే యువకులు శస్త్రవైద్యుని సలహా తీసుకోవాలి. మొదట ఎక్స్‌రే, ఆపై ఎమ్మారై తీస్తారు. ఎముక అరుగుదలను కొలవడానికి సీటీ స్కాన్ అవసరం కావచ్చు.

ఎముక నష్టం స్వల్పమైతే ఊడిన పట్టీని తిరిగి అంచుకు కుడతారు. దీనినే బ్యాంకార్ట్ శస్త్రచికిత్స అంటారు. నేడు చిన్న రంధ్రాల ద్వారా దుర్భిణి పంపి, ఎముకలో సూక్ష్మమైన మేకులు అమర్చి, వాటి దారాలతో కుట్టడం ఎక్కువగా జరుగుతున్నది. ప్రమిద అంచు సుమారు అయిదవ వంతుకు మించి అరిగినప్పుడు కుట్లు మాత్రమే చాలవు. భుజఫలకం ముందుభాగపు కొక్కెం వంటి ఎముక ముక్కను కండరంతో సహా తెచ్చి అక్కడ బిగిస్తారు. ఫ్రాన్స్‌లోని లియాన్ నగర వైద్యుడు లటార్జే 1954లో ఈ పద్ధతిని ప్రకటించాడు.

పుట్టుకతో కీళ్ళన్నీ వదులుగా ఉన్నవారికి ముందుగా వ్యాయామ చికిత్సే చేయాలి. మూర్ఛల వల్ల భుజం జారేవారికి మూర్ఛలను అదుపులోకి తేవడం మొదటి పని. ఏ శస్త్రచికిత్సలోనైనా బిగుసుకుపోవడం, చీము పట్టడం, నరం దెబ్బతినడం, అరుదుగానైనా మళ్ళీ జారడం వంటి చిక్కులు ఉంటాయి. వాటిని గురించి ముందే అడిగి తెలుసుకోండి.

క్రికెట్ క్రీడాకారుడు శ్రేయస్ అయ్యర్‌కు 2021 మార్చి 23న పుణె పోటీలో భుజం పక్కకు జరిగింది. ఏప్రిల్‌లో శస్త్రచికిత్స జరిగింది. అతడు తిరిగి మైదానంలో దిగినది సెప్టెంబరులో. అంతటి వసతులున్నవారికే అయిదు నెలలు పట్టినప్పుడు మనం తొందరపడరాదు.

ఇంట్లో పాటించవలసినవి

భుజం జారిన వెంటనే ఎవరినీ లాగనివ్వకండి. చేతిని ఉన్న స్థితిలోనే ఛాతీకి ఆనించి కండువాతో కట్టండి. బట్టలో చుట్టిన మంచుగడ్డ పెట్టండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక ఏమీ తినిపించవద్దు. వేళ్ళు చల్లబడినా, భుజం పైభాగం తిమ్మిరెక్కినా ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం చేయవద్దు. కొత్త గాయంపై తైలమర్దనం, కాపడం పనికిరావు.

శస్త్రచికిత్స తరువాత మూడు నుండి ఆరు వారాలు చేతిని జోలెలో ఉంచాలి. కుట్లు పూర్తిగా మానిన పిమ్మట శస్త్రవైద్యుని అనుమతితో గోరువెచ్చని మహానారాయణ తైలంతో భుజం చుట్టూ మృదువుగా మర్దించవచ్చు. వ్యాయామానికి ముందు ఇది హాయినిస్తుంది. నేతిలో వేయించి చింతపండు చేర్చిన నల్లేరు పచ్చడి, నువ్వులు, రాగిజావ, పాలు ఆహారంలో చేర్చండి. గుగ్గులు కలిసిన మందులు వాడుతుంటే శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి చెప్పండి.

రోకలితో కీలు సరిచేయమన్న సుశ్రుతుడే శస్త్రం పట్టడం నేర్పిన ఆచార్యుడు. జారిన ఎముకను నిలపడానికి కట్టు, ఊడిన అంచును కుట్టడానికి శస్త్రం, కోలుకునే దేహానికి తైలం, పథ్యం, వ్యాయామం అవసరం. వీటిలో ఏది ఎప్పుడు కావాలో గుర్తించి చెప్పడమే వైద్యుని ధర్మం. అయిదోసారి జారేదాకా ఆగకుండా ఆ మాట వినడం రోగికి క్షేమం.