కొలిమి లోపల డోలమైట్ గోడ

ఉక్కు కొలిమికి లోపలి వైపు కట్టే క్షార గోడ 1870ల చివర పుట్టింది. దానికి ముడిసరుకు డోలమైట్ రాయి. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్, బిలాస్‌పూర్‌ల మధ్య హౌరా–ముంబై రైలు మార్గం మీద ఉన్న బిల్హా ప్రాంతం ఈ రాతికి ప్రసిద్ధి. అక్కడి హిర్రీ గని భిలాయ్ ఉక్కు కర్మాగారం సొంత గని. చూపుకు సున్నపురాయికీ డోలమైట్‌కూ తేడా తెలియదు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే బుసబుసా పొంగుతుంది, డోలమైట్ దాదాపు కదలదు. గీకి పొడి చేసి వేస్తే మాత్రం మెల్లగా బుడగలు వస్తాయి.

1856లో హెన్రీ బెస్సెమర్ కరిగిన దుక్క ఇనుములోకి గాలి ఊది, కార్బన్‌ను మండించి, నిమిషాల్లో ఉక్కు తీసే పద్ధతిని ప్రకటించాడు. కానీ ఖనిజంలో భాస్వరం ఉంటే ఆ ఉక్కు పెళుసు; చలిలో దానితో చేసిన రైలు పట్టా పుటుక్కున విరుగుతుంది. భాస్వరం కూడా గాలితో ఆక్సైడ్ అవుతుంది, అయితే అది లోహమలంలో (కరిగిన లోహం మీద తేలే మలినాల పొరలో) నిలవదు, తిరిగి ఇనుములో కలిసిపోతుంది. అందుకు కారణం గోడే. బెస్సెమర్ పాత్రకు సిలికా ఇటుకలు కట్టేవారు.

ఆవర్తన పట్టికలో ఎడమవైపు లోహాల ఆక్సైడ్లు క్షార స్వభావం చూపుతాయి, కుడివైపు అలోహాలవి ఆమ్ల స్వభావం. సిలికా ఆమ్లమే, భాస్వరం ఆక్సైడూ ఆమ్లమే. రెండూ ఒక పక్షం వారే కనుక ఒకదాన్నొకటి పట్టుకోవు. భాస్వరాన్ని కట్టిపడేయాలంటే సున్నం వేయాలి. వేస్తే ఆ సున్నం ముందు సిలికా గోడనే తినేస్తుంది.

ఈ చిక్కు విప్పినవాడు ఉక్కు పరిశ్రమ మనిషి కాడు. లండన్ పోలీసు కోర్టులో గుమస్తా సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, సాయంత్రాలు రసాయన శాస్త్ర పాఠాలకు వెళ్లేవాడు. వేల్స్‌లోని బ్లైనావన్ ఇనుప కర్మాగారంలో రసాయనవేత్తగా ఉన్న బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ ప్రయోగాలు చేసిపెట్టాడు. సిలికా బదులు క్షార గోడ కట్టి, సున్నంతో భాస్వరాన్ని తీసేయవచ్చన్న తమ ఫలితం గురించి 1878లో ఉక్కు నిపుణుల సభలో చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మిడిల్స్‌బ్రోలో పెద్ద బెస్సెమర్ పాత్రలో చేసి చూపించాక యూరప్ కర్మాగారాలు ఆ పద్ధతి వాడే అనుమతుల కోసం పరుగెత్తాయి. థామస్ 1885లో, 34 ఏళ్లకే చనిపోయాడు.

ఆయన గోడలో డోలమైట్ ఎందుకు నిలిచింది? డోలమైట్ కాల్షియం, మెగ్నీషియంల జంట కార్బొనేట్. రెండూ పట్టికలో రెండో గ్రూపువే. మెగ్నీషియం పరమాణు సంఖ్య 12, ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 2. కాల్షియంది 20, అమరిక 2, 8, 8, 2. బయటి కక్ష్యలోని రెండు ఎలక్ట్రాన్లను వదులుకుని రెండు ధనావేశాల అయాన్లవుతాయి. ఆక్సిజన్ రెండింటిని పుచ్చుకుని రెండు రుణావేశాలు మోస్తుంది. ఉప్పులో అయాన్ల ఆవేశం ఒక్కొక్కటే, అది 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇక్కడ రెండేసి ఆవేశాలు, పైగా చిన్న అయాన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక ఆకర్షణ ఎన్నో రెట్లు. అందుకే కాల్షియం ఆక్సైడ్ సుమారు 2,600, మెగ్నీషియం ఆక్సైడ్ సుమారు 2,850 డిగ్రీల వరకు కరగవు. ఉక్కు కొలిమి వేడి 1,600–1,700 డిగ్రీలే.

రాయిని నేరుగా వాడటం కుదరదు, ముందు కాల్చాలి. శుద్ధమైన డోలమైట్ 100 కిలోలు కాలిస్తే దాదాపు 48 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది, మిగిలేది ఆ రెండు ఆక్సైడ్లే. వాటిలో సున్నం గాలిలోని తేమను పీల్చి పొడిపొడిగా రాలుతుంది. అందుకే కాల్చిన డోలమైట్‌ను తారుతో కలిపి ఇటుకలు పోసేవారు. గోడ క్షారం కావడంతో పాత్రలో సున్నం నిశ్చింతగా వేయగలిగారు. భాస్వరం కాల్షియం ఫాస్ఫేట్‌గా మారి లోహమలంలో తేలింది. దాన్నే పొడి చేసి పొలాలకు ఎరువుగా అమ్మారు. పారబోయాల్సిన మురికి సరుకైంది!

తర్వాతి కాలంలో గోడకు మెగ్నీషియా–కార్బన్ ఇటుకలు వచ్చాయి. డోలమైట్ గోడ వదిలి పాత్ర లోపలికి దిగింది: లోహమలంలో మెగ్నీషియం ఆక్సైడ్ ముందే నిండుగా ఉంటే గోడలోంచి అది కరిగి పోదు కనుక, కాల్చిన డోలమైట్‌ను సున్నంతో పాటు వేస్తారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఈ రాయి ఖమ్మం జిల్లా మాధారం గని నుంచి, సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి అందుతూ వచ్చాయి.  హిర్రీ రాయి అందుకునే భిలాయ్, భారతీయ రైల్వేలకు పట్టాలు తయారుచేసే ప్రధాన కర్మాగారం.