అలారము మ్రోగిన పిదప

2013 నవంబరు 19వ తేదీ ఉదయమున బెంగుళూరు నగరమందలి యొక ఎ.టి.ఎం. గదిలో ఒక దుండగుడు బ్యాంకు ఉద్యోగినియగు మహిళను కత్తితో నరికి, షట్టరు దించి వెడలిపోయెను. ఆమె చాలసేపు రక్తపు మడుగులో పడియుండెను. గదిలో కెమెరా లేకపోలేదు. జరిగినదంతయు అది చిత్రించెను; పిమ్మట దేశమంతయు టెలివిజనులో చూచెను. చూడవలసిన క్షణమున మాత్రము చూచి కదలినవాడు లేడు. ఆ దుండగుడు మూడేండ్లకు పైగా తప్పించుకొని తిరిగి, 2017 ఫిబ్రవరిలో మన మదనపల్లెలో పోలీసులకు చిక్కెను.

ఇట్టి యంత్రములకు కావలివాని నుంచుట బ్యాంకులకు భారమైనది. 2019 జూనులో రిజర్వు బ్యాంకువారు యంత్రములను గోడకో నేలకో గట్టిగా బిగింపుడని ఆదేశించుచు, సకాలమున హెచ్చరిక లందునట్లు ఎలక్ట్రానిక్ నిఘాను విస్తరించుటను గూర్చియు ఆలోచింపుడనిరి. అనగా కావలివాడు గుమ్మము వీడి, దూరముననున్న కంట్రోల్ రూములో తెరల యెదుట కూర్చుండెనన్నమాట. నేడు ధనికుల గృహములకును, నగల దుకాణములకును ఇట్టి కాపుదలయే వచ్చుచున్నది.

ఆ గదిలో కూర్చున్న ఆపరేటరు పని చూడుడు. అర్ధరాత్రి గంట మ్రోగును. అది యెలుకయా, కరెంటు పోవుటయా, ఊడ్చువాడా, గ్యాసు కట్టరుతో వచ్చిన దొంగయా? కొలది నిమిషములలో అతడే తేల్చుకొనవలెను. ప్రతి గంటకును పోలీసులను పిలిచినచో “నాన్నా, పులి” కథ యగును. నాలుగవసారి యెవరును రారు. ఉపేక్షించినచో సొమ్ము పోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. పిలువవలసినప్పుడైనను ఆ వీధి యే ఠాణా పరిధిలోనిదో, అచ్చటివారితో ఏ భాషలో మాటాడవలెనో తెలియనిచో లాభమేమి?

ఇట్టివానికి మన చట్టము విధించిన అర్హత లెవ్వి? 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టము కంపెనీకి లైసెన్సును, గార్డుకు శిక్షణను, సత్ప్రవర్తన విచారణను నిర్బంధించినది. 2006 నాటి మాదిరి నియమావళి 100 గంటల పాఠమును, 60 గంటల క్షేత్రశిక్షణను, 20 పనిదినములకు తగ్గకుండ, విధించినది. పురుషుని ఎత్తు 160 సెంటీమీటర్లకు తగ్గరాదు. పాదములు చదునుగా నుండరాదు! గుమ్మమున నిలుచువానికి ఇది యొప్పును. కుర్చీలో కూర్చుండి చెవితోను, కంటితోను, బుద్ధితోను కాపు కాయువానికి పాదముల ఆకారముతో నేమి పని? పాఠ్యక్రమమున అలారముల వాడుక యను నొక్క అంశము గలదు. వచ్చిన సంకేతమును పరీక్షించి నిర్ణయించు విద్యకు ప్రత్యేక స్థానము లేదు. అసలు ఈ ఆపరేటరు “గార్డు” అను నిర్వచనములోనికి వచ్చునా యని వాదించుటకే యవకాశమున్నది.

సమైక్య రాష్ట్రమున 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టమును ఇట్టిదే. జనము గుమిగూడు స్థలములలో కెమెరాలు పెట్టుడు, చిత్రములను 30 దినములు దాచుడు అని శాసించినది. దాచుట నేరము జరిగిన తరువాతి మాట.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రము అలారము పర్యవేక్షకుని ప్రత్యేకముగా గుర్తించి లైసెన్సు పద్ధతికి లోబరచినది. ఫ్లారిడాలో దొంగతనపు అలారము మ్రోగినపుడు, ప్రత్యక్షముగా నిర్ధారించుకొను సాధనము లేనిచో, మొదటి నంబరున సమాధానము రాకున్న రెండవ నంబరునకు గూడ పిలిచి చూచిన పిమ్మటనే పోలీసులను కోరవలెను. ఇవి గొప్ప విద్యలు గావు; వ్రాసి పెట్టిన క్రమము, అంతే.

మన చట్టము క్రింద నియమములు చేయు నధికారము రాష్ట్రములకు గలదు. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వములు పర్యవేక్షణ ఆపరేటరను తరగతి నొకదానిని ఏర్పరచి, వారి పేర్లు నమోదు చేయించి, సంకేత పరీక్ష, టెలిఫోను సంభాషణ, ఠాణాల పరిధులు, స్థానిక భాష నేర్పించి పరీక్షింపవచ్చును. ఖర్చు పెరుగునని కంపెనీలు మొరపెట్టుట ఖాయము. నెలనెల రుసుము గుంజుకొనువారు ఆ మాట యనుట వింతయే.

అంతవరకు, గృహమునకో గోదామునకో అలారము పెట్టించుకొను పాఠకులు ఒడంబడికపై సంతకము చేయుటకు ముందే విచారింపవలసిన దొకటి గలదు: రాత్రి రెండు గంటలకు సంకేతము వచ్చినపుడు దానిని చూచు మనుష్యు డెవరు, ఎన్నాళ్లు నేర్చుకొనెను, ఒకే సమయమున ఎన్ని తెరలకు కాపు కాయుచున్నాడు? సమాధానమును వ్రాతపూర్వకముగా కోరుడు.